కెమ్నిట్స్‌లో మొదటి నెల: అగ్రిమెంట్‌లో పేరు లేని రూమ్ తీసుకోవచ్చా?

కొత్తపక్షి | 17 ఆగస్టు 2025

అందరికీ నమస్తే. జర్మనీలో టీయూ (టెక్నికల్ యూనివర్సిటీ) కెమ్నిట్స్‌లో ఆటోమోటివ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ మాస్టర్స్‌కి అడ్మిట్ వచ్చింది, వీసా కూడా చేతికొచ్చేసింది. సెప్టెంబరు చివరి వారంలో బయల్దేరతాను. బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే వీసా ఖాతా) 11,904 యూరోలు వేశాం. హాస్టల్‌కి అప్లై చేశాను గానీ వెయిటింగ్ లిస్టులో ఉన్నానని మెయిల్ వచ్చింది.

ఇంతలో ఒక సీనియర్ వాళ్ల ఫ్లాట్‌లో చోటుందని చెప్పారు. అందరూ తెలుగువాళ్లే. నెలకు 180 యూరోలు, డిపాజిట్ లేదు. అయితే అగ్రిమెంట్‌లో నా పేరు ఎక్కించరట. సిటీ రిజిస్ట్రేషన్ సంగతి తర్వాత చూసుకుందాంలే అంటున్నారు. ఇంట్లోవాళ్లకేమో మనవాళ్ల మధ్య ఉంటానంటే ధైర్యం. నాకు ఎటూ తేలడం లేదు. ఏం చేయమంటారు?

మెన్సాభోజనం | 17 ఆగస్టు

వెల్‌కమ్ బ్రో. ముందు ఊరు పరిచయం చేస్తా. 1953 నుంచి 1990 దాకా దీని పేరు కార్ల్ మార్క్స్ స్టట్. బెర్లిన్ గోడ కూలాక జనం ఓట్లేసి పాత పేరు తెచ్చుకున్నారు. పేరు పోయింది గానీ మార్క్స్ తలకాయ మాత్రం నడిబొడ్డున అలాగే ఉంది. ఏడు మీటర్ల ఎత్తు, 40 టన్నుల బరువు, 1971లో పెట్టారు. ఒళ్లు లేదు, తల ఒక్కటే. దిగిన ప్రతి తెలుగోడి మొదటి డీపీ అక్కడే. 2025కి యూరప్ సాంస్కృతిక రాజధాని కూడా మనమే కాబట్టి ఊరంతా ఏదో ఒక హడావుడి ఉంది.

రూమ్ గురించి పెద్దలు చెప్తారు.

ఎల్బే_ఒడ్డు | 17 ఆగస్టు

ఆ రూమ్ వద్దండి. 180 యూరోలు చూసి ఆశపడొద్దు.

జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు సిటీ ఆఫీసుకు వెళ్లి అడ్రస్ నమోదు చేయించుకోవాలి. అన్‌మెల్‌డుంగ్ అంటారు. దానికి పాస్‌పోర్టు, ఒక ఫారం, వాటితోపాటు ఇంటి యజమాని "ఈ మనిషి ఫలానా తేదీ నుంచి నా ఇంట్లో ఉంటున్నారు" అని సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ మూడో కాగితం దగ్గరే అందరూ ఆగిపోతారు. అగ్రిమెంట్ చూపిస్తే సరిపోతుందని కొందరు చెప్తారు, వినకండి. 2015 నవంబరు నుంచి యజమాని కాగితం తప్పనిసరి.

మిగతావన్నీ ఈ నమోదుకే ముడిపడి ఉంటాయి. నమోదయ్యాకే 11 అంకెల ట్యాక్స్ నంబరు పోస్టులో వస్తుంది. అది లేకుండా ఉద్యోగంలో చేరితే ఎక్కువ ట్యాక్స్ కోస్తారు. రెసిడెన్స్ పర్మిట్‌కి విదేశీయుల ఆఫీసు మొట్టమొదట అడిగేది ఈ సర్టిఫికెట్టే. కొన్ని బ్యాంకులైతే ఇది లేనిదే అకౌంటే తెరవవు. ఇక్కడి అకౌంట్ లేకపోతే మీ బ్లాక్డ్ డబ్బు నెలకు 992 చొప్పున దేంట్లో పడుతుంది? "తర్వాత చూసుకుందాం" అన్న మాట మీ సీనియర్‌కి చెల్లుతుంది, ఆయన పేరు ఎప్పుడో ఎక్కేసింది కాబట్టి.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. పోస్టు డబ్బా మీద మీ పేరు అతికించి ఉండాలి. ఫ్లాట్ నంబర్లు ఉండవు, పోస్టుమన్ పేరు చూసి వేస్తాడు. పేరు కనబడకపోతే ఉత్తరం వెనక్కి వెళ్లిపోతుంది. ట్యాక్స్ నంబరు, బ్యాంక్ కార్డు, పిన్, ఇన్సూరెన్స్ కార్డు అన్నీ ఉత్తరాల్లోనే వస్తాయి. అగ్రిమెంట్‌లో లేని మనిషి పేరు డబ్బా మీద ఎలా అతికిస్తారు?

రాత్రిషిఫ్టు | 18 ఆగస్టు

ఎల్బే అన్న చెప్పింది పుస్తకాల్లో మాట. నేలమీద సంగతి నేను చెప్తా. ప్రతి సెప్టెంబరులో వందలమంది దిగుతారు, హాస్టల్ గదులు అన్ని లేవు. మొదటి నెల ఎవరో ఒకరి హాల్లో పరుపేసుకుని పడుకున్నవాళ్లమే అందరం. ఎవరినీ పోలీసులు పట్టుకెళ్లలేదు. ఫ్రెండ్ అడ్రస్ మీద రిజిస్ట్రేషన్ చేసుకుని వేరే చోట ఉన్నవాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. బ్రో, తీసేసుకో, దిగాక వెతుక్కుందువు గానీ.

ఎల్బే_ఒడ్డు | 18 ఆగస్టు

హాల్లో నాలుగు రోజులు పడుకోవడం వేరు, ఉండని అడ్రస్ మీద నమోదు చేయించుకోవడం వేరు. రెండూ కలిపి చెప్పకు తమ్ముడూ. నిజంగా కాపురం లేనివాళ్లకు మొహమాటానికి ఆ కాగితం రాసిస్తే, రాసిచ్చినవాడికి 50,000 యూరోల దాకా జరిమానా వేసే వీలుంది చట్టంలో. నమోదు ఆలస్యమైతే 1,000 దాకా. ఆలస్యానికి మామూలుగా అంత వేయరు, టెర్మిన్ (అపాయింట్‌మెంట్) దొరకలేదని రుజువు చూపిస్తే ఊరుకుంటారు. దొంగ అడ్రస్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోరు. రేపు పర్మిట్ రెన్యువల్ అప్పుడు విదేశీయుల ఆఫీసు ముందు కూర్చోవాలి.

ఆ ఫ్లాట్ వాళ్ల సంగతి కూడా ఆలోచించండి. ఓనరుకు తెలియకుండా అదనంగా మనిషిని పెట్టుకున్నారని తేలితే వాళ్ల అగ్రిమెంటే రద్దవ్వచ్చు.

కొత్తపక్షి | 18 ఆగస్టు

చాలా థాంక్స్ అన్నా. డబ్బా మీద పేరు సంగతి అసలు ఊహించలేదు.

చిన్న సవరణ: బ్రో కాదు, చెల్లెలు :)

మెన్సాభోజనం | 18 ఆగస్టు

సారీ చెల్లెమ్మా. మార్క్స్ దగ్గర ఫొటో నేనే తీస్తా.

చలిచీమ | 18 ఆగస్టు

చెల్లీ, నేను ఈ ఊళ్లోనే ఉన్నా, రెండో ఏడాది. కెమ్నిట్స్ మ్యూనిక్ కాదు, ఇక్కడ ఇల్లు దొరక్క ఎవరూ రోడ్డున పడరు. జర్మనీ పెద్ద ఊళ్లలో అద్దెలు బాగా తక్కువ ఉన్న ఊరు ఇది. తొందరపడి దిక్కుమాలిన ఒప్పందాలకు ఒప్పుకోవాల్సిన ఊరు కాదు.

స్టూడెంటెన్‌వెర్క్ (విద్యార్థి సేవల సంస్థ) హాస్టళ్లు రైషెన్‌హైనర్ వీధిలో, ఫెట్టర్స్ వీధిలో ఉన్నాయి. క్యాంపస్ పక్కనే, క్లాసుకు నడిచి పోవచ్చు. వెయిటింగ్ లిస్టులో ఉంటే కంగారు పడకు, వాళ్లకు మెయిల్ పెట్టి నువ్వు దిగే తేదీ చెప్పు, ఏ గదైనా ఫర్వాలేదని రాయి. సెప్టెంబరు చివర్లో ఖాళీలు కదులుతాయి. అది కుదిరేలోపు ట్స్విషెన్‌మీటె చూడు. అంటే ఎవరో ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరు వెళ్తూ రెండు మూడు నెలలకు గదిని సామాన్లతో సహా ఇస్తారు. అడగాల్సిన మొదటి ప్రశ్న అద్దె ఎంత అని కాదు, అన్‌మెల్‌డుంగ్ ఇస్తారా అని. రెండోది, ఓనరు ఒప్పుకున్నాడా అని.

అద్దె అడిగేటప్పుడు వార్మ్‌మీటె అడుగు, అంటే నీళ్లూ హీటింగూ కలిపిన అద్దె. కాల్ట్‌మీటె అంటే వట్టి గది అద్దె, నీళ్లూ హీటింగూ దాని మీద ఇంకా పడతాయి. కరెంటు, ఇంటర్‌నెట్ వార్మ్‌లో కూడా ఉండకపోవచ్చు. డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె మించి అడగకూడదు, దాన్ని కూడా మూడు వాయిదాల్లో కట్టే హక్కు నీకుంది. ఈ ముక్క ఓనర్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు.

గది చూడకుండా డబ్బు పంపకు. "నేను ప్రస్తుతం వేరే దేశంలో ఉన్నాను, డబ్బు వేస్తే తాళాలు కొరియర్ చేస్తాను" అంటే నూటికి నూరుపాళ్లు మోసం. ఫొటోల్లో గది అద్దెకు మించి అందంగా ఉంటుంది, అదీ గుర్తు. ఈ ఊళ్లో చూడాల్సిన గది ఏదైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టు, వెళ్లి చూసి వీడియో కాల్ చేస్తా.

నాన్న_ఇక్కడే | 20 ఆగస్టు

అందరికీ నమస్కారం. మా అబ్బాయి కూడా ఇదే యూనివర్సిటీకి వస్తున్నాడు. వాడు ఇవేవీ చదవడు, నేనే చదువుతున్నాను. రెండు సందేహాలు. ఇన్సూరెన్స్ ప్రైవేటుది నెలకు 40 యూరోలకే వస్తుందని ఏజెంటు చెప్తున్నాడు, ప్రభుత్వానిది 140 పైన అంటున్నారు. ఏది మంచిది? రెండోది, ఆ ఊళ్లో విదేశీయుల మీద గొడవలు జరిగాయని నెట్‌లో చదివాను. మనసు స్థిమితంగా లేదు.

ఎల్బే_ఒడ్డు | 20 ఆగస్టు

నమస్కారం అండి. ఇన్సూరెన్స్ సంగతి నేను చెప్తాను. ముప్పై ఏళ్ల లోపు విద్యార్థికి ప్రభుత్వ పథకం స్టూడెంట్ రేటుకు వస్తుంది. ప్రైవేటుది తీసుకోవాలంటే "నాకు ప్రభుత్వ ఇన్సూరెన్స్ అక్కర్లేదు" అని మినహాయింపు రాసివ్వాలి. ఒకసారి రాసిస్తే ఆ చదువు పూర్తయ్యేదాకా వెనక్కి రావడానికి లేదు. చౌక ప్లాన్లలో పాత జబ్బులు, పళ్ల వైద్యం, మానసిక వైద్యం చాలావరకు ఉండవు, బిల్లు ముందు మీరే కట్టి తర్వాత రాబట్టుకోవాలి. ప్రభుత్వ కార్డు ఉంటే డాక్టరు దగ్గర కార్డు గీకి వచ్చేయడమే. నెలకు వంద మిగులుతుందని చూసుకుంటే రెండేళ్ల తర్వాత చేతులు కట్టేసినట్టు ఉంటుంది.

ఒకవేళ ప్రైవేటుకే వెళ్లినా, యూనివర్సిటీలో ఎన్‌రోల్ అవ్వాలంటే ప్రభుత్వ ఇన్సూరెన్స్ కంపెనీ ఒకటి ఆన్‌లైన్‌లో సమాచారం పంపాల్సిందే. ఏజెంట్లు ఇది చెప్పకపోతే పిల్లలు ఎన్‌రోల్‌మెంట్ దగ్గర ఆగిపోతారు.

చలిచీమ | 20 ఆగస్టు

అంకుల్, గొడవల మాట నిజమే, దాచను. 2018 ఆగస్టులో ఊరి ఉత్సవంలో కత్తిపోట్లకు ఒకతను చనిపోయాడు. ఆ వంకతో అతివాద గుంపులు రోడ్డెక్కాయి, విదేశీయుల్లా కనబడ్డవాళ్ల మీద దాడులు చేశాయి. వారం రోజులకు దానికి వ్యతిరేకంగా ఇదే ఊళ్లో పెట్టిన ఉచిత కచేరీకి 65,000 మంది వచ్చారు. రెండూ ఈ ఊరివే.

ఇప్పుడు ఎలా ఉందంటే, క్యాంపస్‌లో సమస్య లేదు. చాలామంది బయటివాళ్లే. ఊళ్లో అప్పుడప్పుడు ట్రామ్‌లో ఎగాదిగా చూస్తారు, తాగినవాడు ఎవడైనా ఏదో అంటాడు. నేను జవాబు చెప్పను, వేరే డబ్బాలోకి మారిపోతా. ప్రదర్శన ఉందని తెలిస్తే ఆ సాయంత్రం సెంటర్ వైపు పోను. పోలీసు 110, అంబులెన్సు 112. అబ్బాయి ఫోన్లో అవి రెండూ, ప్రాణం మీదికి రాని జబ్బులకు రాత్రిపూట డాక్టరు కోసం 116117 పెట్టించండి. ఒక్క ఆడపిల్లని ఉంటున్నా అంకుల్, బాగానే ఉన్నా.

నాన్న_ఇక్కడే | 20 ఆగస్టు

ఉన్నదున్నట్టు చెప్పావు తల్లీ, సంతోషం. వాళ్లమ్మ నెయ్యి, కోవా కడుతోంది. అవి తేవచ్చా?

మెన్సాభోజనం | 20 ఆగస్టు

అంకుల్, పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ యూరప్ బయటి నుంచి తేకూడదు. నెయ్యి, కోవా, చికెన్ పచ్చడి మూడూ కస్టమ్స్ వాళ్ల చెత్తబుట్టకే. ఆవకాయ పర్లేదు, సీల్ గట్టిగా వేయించండి, లేకపోతే సర్టిఫికెట్లు కూడా ఎర్రబడతాయి. కుక్కరు తెచ్చుకోమనండి. మన ప్లగ్గుల లావు పిన్నులు ఇక్కడ పట్టవు, అడాప్టర్ కావాలి.

ఆదివారం దిగేటట్టు టికెట్ తీయొద్దు. కొట్లన్నీ మూసేసి ఉంటాయి, స్టేషన్లో ఉన్నవే దిక్కు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగితే లైప్‌జిగ్‌లో రైలు మారి రావాలి, రెండు సూట్‌కేసులతో పరిగెత్తాలి కాబట్టి మధ్యలో గంట ఉండేట్టు చూసుకోండి.

పాతకాపు (మోడరేటర్) | 21 ఆగస్టు

లగేజీకి వేరే చర్చ ఉంది, కుక్కర్లు అక్కడ. ఇక్కడ ఇల్లు, రిజిస్ట్రేషన్, మొదటి సెమిస్టరు మాత్రమే.

కొత్తపక్షి | 11 అక్టోబరు

వచ్చేశానండి. చలిచీమ అక్క ఒక గది చూసి పెట్టింది, డిసెంబరు దాకా ట్స్విషెన్‌మీటె. ఓనరు కాగితం ఇచ్చాడు, అన్‌మెల్‌డుంగ్ అయింది, డబ్బా మీద పేరు కూడా ఉంది. జనవరి నుంచి హాస్టల్ గది ఖాయమైంది. సీనియర్ గారికి మర్యాదగానే వద్దని చెప్పాను, ఆయన ఏమీ అనుకోలేదు.

ఇప్పుడు కొత్త డౌట్లు. ఒకటి, టీవీ లేకపోయినా టీవీ ఫీజు కట్టమని ఉత్తరం వచ్చింది. మోసమా? రెండు, పార్ట్‌టైమ్ ఇప్పుడే మొదలుపెట్టాలా? క్లాసులో సగం మంది అప్పుడే అప్లికేషన్లు వేస్తున్నారు.

ఎల్బే_ఒడ్డు | 11 అక్టోబరు

మోసం కాదమ్మా. టీవీ ఉన్నా లేకపోయినా నెలకు 18.36 యూరోలు కట్టాలి. అయితే మనిషికి కాదు, ఇంటికి ఒకటే. మీ ఫ్లాట్‌లో ఎవరో ఒకరు కడుతూ ఉంటారు, వాళ్ల నంబరు తీసుకుని ఆ ఉత్తరానికి జవాబు రాయండి, డబ్బు పంచుకోండి. ఉత్తరాన్ని పక్కన పడేయడం మాత్రం చేయొద్దు. ఇక్కడ ఏ ఉత్తరానికీ మౌనం జవాబు కాదు.

రాత్రిషిఫ్టు | 12 అక్టోబరు

పార్ట్‌టైమ్ నా సబ్జెక్టు. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు చేయొచ్చు. అంతకుముందు 120, 240 ఉండేది. యూనివర్సిటీలో ప్రొఫెసర్ల దగ్గర చేసే హీవీ పని ఈ లెక్కలోకి రాదు. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు దాటితే స్టూడెంట్ ఇన్సూరెన్స్ రేటు పోతుంది, అది గుర్తుపెట్టుకో. ఫ్రీలాన్స్, సొంత వ్యాపారం లాంటివి పర్మిట్‌లో అనుమతి లేకుండా ముట్టుకోకు.

డబ్బు లెక్క: కనీస వేతనం 2025లో గంటకు 12.82, 2026 జనవరి నుంచి 13.90. మినీజాబ్ (చిన్న పార్ట్‌టైమ్ పని) జీతం పరిమితి 2025లో నెలకు 556, 2026 జనవరి నుంచి 603. అంటే నెలకు 43 గంటలు. వారానికి రెండు షిఫ్టులు కూడా కాదు. అద్దెకూ తిండికీ దగ్గర దగ్గర సరిపోతుంది ఈ ఊళ్లో.

ఇక మొదటి సెమిస్టర్లో చేయాలా వద్దా అంటే, నీ బ్లాక్డ్ డబ్బు ఏడాదికి సరిపోతుంది, లోన్ ఈఎంఐ ఇంకా మొదలవ్వలేదు అనుకుంటే, చేయకు. నా మాట నీకు వింతగా ఉండొచ్చు. గోడౌన్‌లో రాత్రి పని చేసి పొద్దున తొమ్మిదిన్నర క్లాసులో కూర్చుంటే ప్రొఫెసర్ పెదాలు కదలడం కనిపిస్తుంది, అంతే. హీవీ కోసం మాత్రం ఇప్పట్నుంచే ప్రొఫెసర్లకు మెయిల్స్ పెట్టు. జీతం పెద్దగా ఏమీ ఉండదు గానీ థీసిస్ దొరికేది ఆ దారినే.

ఎల్బే_ఒడ్డు | 12 అక్టోబరు

మొదటిసారి నీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను తమ్ముడూ.

ఒక్కటి కలుపుతాను. ఇక్కడ ఇంటర్నల్స్ ఉండవు, చాలా సబ్జెక్టులకు ఫిబ్రవరిలో పెట్టే ఒక్క పరీక్షే మార్కు. 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 పాస్, 5.0 ఫెయిల్. హాజరు అడగరు కాబట్టి అక్టోబరు, నవంబరు హాయిగా గడిచిపోతాయి, జనవరిలో గుండె జారిపోతుంది. పరీక్షకు విడిగా పోర్టల్లో పేరు నమోదు చేసుకోవాలి. క్లాసుకు వెళ్లినంత మాత్రాన పరీక్ష రాయనివ్వరు. గడువు దాటితే ఆ సబ్జెక్టు తర్వాతి అవకాశానికే. చాలా కోర్సుల్లో ఒక పరీక్షకు మూడు అవకాశాలే. మూడోసారీ పోతే కోర్సు నుంచే తీసేస్తారు, ఆ సబ్జెక్టు జర్మనీలో ఇంకెక్కడా చదవనివ్వకపోవచ్చు. మీ కోర్సు పరీక్షా నిబంధనలు సైట్‌లో ఉంటాయి, ఒక ఆదివారం కూర్చుని చదవండి. కొట్లు ఎలాగూ మూసే ఉంటాయి.

కొత్తపక్షి | 23 నవంబరు

ఈసారి డౌటు కాదు, కాస్త చెప్పుకోవాలనిపించింది. నాలుగున్నరకే చీకటి పడిపోతోంది. క్లాసు అవగానే అందరూ బల్లల మీద టకటకా కొడతారు, చప్పట్లకు బదులన్నమాట, ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లు పోతారు. నా ఫ్లాట్‌లో ఇద్దరు జర్మన్ అమ్మాయిలు, మంచివాళ్లే. వంటగదిలో కలిస్తే హలో, అంతే. గడియారం మారాక ఇంటికీ నాకూ నాలుగున్నర గంటల తేడా. నేను తీరిక చేసుకునేసరికి అమ్మ నిద్రపోతోంది. ఆ తెలుగు ఫ్లాట్‌లో ఉంటే కనీసం మాట్లాడేవాళ్లుండేవారు కదా అని ఒక్కోసారి అనిపిస్తోంది.

రాత్రిషిఫ్టు | 23 నవంబరు

నలుగురు తెలుగోళ్లతో ఉన్నా నవంబరు ఇలాగే ఉంటుంది. అక్కడైతే గిన్నెలెవరు తోమాలి అన్న గొడవ అదనం.

చలిచీమ | 23 నవంబరు

వాడి మాట పట్టించుకోకు. ఇంకా నెల రోజులు పొద్దు తగ్గుతూనే ఉంటుంది, డిసెంబరు చివర్లో ఎనిమిదికి తెల్లారి నాలుగుకే పొద్దుగూకుతుంది. ఆ తర్వాత ఒక్కో నిమిషం పెరుగుతుంది. ఎండ ఉన్న గంటలో గదిలో ఉండొద్దు, లైబ్రరీకి నడిచి వెళ్లు. మన కొత్త లైబ్రరీ పాత నూలు మిల్లు భవనంలో ఉంది, 2020లో తెరిచారు. ఈ ఊరిని ఒకప్పుడు సాక్సనీ మాంచెస్టర్ అనేవారు, ఆ మిల్లుల్లో మిగిలింది అది. కిటికీ పక్క బల్లలు పొద్దున్నే నిండిపోతాయి.

ఇక మనుషుల సంగతి. ఇక్కడివాళ్లు ఊరికే పలకరించి స్నేహం చేయరు, వారం వారం ఒకే చోట కలిస్తే చేస్తారు. కాబట్టి ఏదో ఒక వారపు పనిలో పేరు రాయించు. యూనివర్సిటీ స్పోర్ట్స్ కోర్సులు బ్యాడ్మింటన్ నుంచి డాన్స్ దాకా ఉన్నాయి, ఫీజు చాలా తక్కువ. లాంగ్వేజ్ సెంటర్లో జర్మన్ క్లాసు తీసుకో, కోర్సు ఇంగ్లీషులోనే కదా అని వదిలేయకు. రేపు ఇంటర్న్‌షిప్‌కి ఆటోమొబైల్ కంపెనీలు జర్మన్ బీ1 స్థాయి అడుగుతాయి. కొత్తగా వచ్చినవాళ్లకు ఇక్కడి విద్యార్థిని తోడు ఇచ్చే పాటెన్ ప్రోగ్రామ్ ఉంది, ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు. ఫ్లాట్‌లో వాళ్లను ఒకరోజు భోజనానికి పిలువు, తేదీ రెండు వారాల ముందే చెప్పు. ఇవాళ చెప్పి ఇవాళే రమ్మంటే వాళ్లకు కుదరదు.

అమ్మతో మాటలకు పొద్దున్నే ఏడింటికి చేయి, అక్కడ పదకొండున్నర. వంటింట్లో పెట్టుకుని మాట్లాడుతుంది.

మెన్సాభోజనం | 24 నవంబరు

శనివారం మెన్సా (యూనివర్సిటీ క్యాంటీన్) ఉండదు కాబట్టి నేనే వండుతున్నా, వచ్చెయ్. గిన్నెలు రాత్రిషిఫ్టు తోముతాడు.

ఎల్బే_ఒడ్డు | 24 నవంబరు

చలికి భయపడి కిటికీలు మూసి కూర్చోకండి. రోజుకు రెండు మూడుసార్లు హీటర్ ఆపి కిటికీలు పూర్తిగా తెరిచి ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి. లేకపోతే గోడ మూలల్లో బూజు పడుతుంది, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోస్తారు. బట్టలు గదిలో ఆరేస్తే ఇంకా ఎక్కువ. మరొకటి, జనవరిలో గది మారుతున్నారు కదా, కొత్త అడ్రస్ మళ్లీ రెండు వారాల్లో నమోదు చేయించాలి. బ్యాంకుకు, ఇన్సూరెన్స్‌కు కూడా చెప్పండి.

నాన్న_ఇక్కడే | 26 నవంబరు

మా వాడి వీసా మార్చిలో అయిపోతుంది. పర్మిట్ టెర్మిన్ దొరకడం లేదంటున్నాడు. వీసా గడువు దాటితే ఇండియా తిరిగి రావాలా?

ఎల్బే_ఒడ్డు | 26 నవంబరు

అక్కర్లేదండి. గడువు లోపల దరఖాస్తు పెట్టి ఉంటే, వాళ్లు తేల్చేదాకా ఇక్కడ ఉండే హక్కు కొనసాగుతుంది. అందుకు రుజువుగా ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అని ఒక కాగితం ఇస్తారు. టెర్మిన్ ఎప్పుడు దొరికినా సరే, దరఖాస్తు మాత్రం వీసా ఉండగానే పెట్టమనండి. పెట్టిన తేదీకి రుజువు ఉంచుకోమనండి. ఇవాళే పెట్టమని చెప్పండి, మార్చి దాకా ఆగొద్దు. ఫొటో, అన్‌మెల్‌డుంగ్, ఎన్‌రోల్‌మెంట్, ఇన్సూరెన్స్, బ్లాక్డ్ అకౌంట్‌లో మిగిలిన డబ్బు వివరం సిద్ధంగా పెట్టుకోవాలి.

నాన్న_ఇక్కడే | 26 నవంబరు

వాడికి ఇప్పుడే ఫోన్ చేశాను. లేపి మరీ చెప్పాను.

పాతకాపు (మోడరేటర్) | 27 నవంబరు

పర్మిట్ రెన్యువల్ ప్రశ్నలు పెరుగుతున్నాయి, దానికి వేరే చర్చ తెరిచాను. శనివారం భోజనం అడ్రస్ ఇక్కడ రాయకండి, మెసేజ్‌లో పంపుకోండి.